నల్లటి నేల, వెండి తీగ

జపాను వాళ్ళు ఎనామెల్ పనిని షిప్పో అంటారు. షిప్పో అంటే ఏడు నిధులు. బౌద్ధ గ్రంథాల్లోని సప్తరత్నాలే చైనా మీదుగా ప్రయాణం చేసి అక్కడ ఆ పేరు తెచ్చుకున్నాయి. బంగారం, వెండి, స్ఫటికం లాంటివన్నీ ఒకచోట రాశి పోసినట్టు మెరుస్తుంది కనక ఈ పనికి ఆ పేరు పెట్టారు. మన జగ్గయ్యపేట శిల్పంలో చక్రవర్తి చుట్టూ కనిపించే సప్తరత్నాలు ఇవి కావు. అవి చక్రం, ఏనుగు, గుర్రం, మణి వగైరాలు. ఆ ఏడూ రాజుగారివి, ఈ ఏడూ కంసాలివి.

పదార్థంగా చూస్తే ఎనామెల్‌లో అంత గొప్పేమీ లేదు. మన చిన్నతనంలో ఇళ్ళల్లో ఎనామెల్ పళ్ళేలు ఉండేవి. కిందపడితే పెచ్చు ఊడి లోపలి ఇనుము నల్లగా బయటపడేది. నగల వెనక ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో చేసే మీనా పనీ అదే జాతిది. గాజుని మెత్తగా పొడి చేసి, రంగు కోసం ఏదో ఒక లోహపు ఆక్సైడు కలిపి, లోహం మీద పరిచి కాలిస్తే కరిగి అంటుకుంటుంది. ఇంత మామూలు సరుకుతో 1875 నుంచి 1915 దాకా, సుమారు నలభై ఏళ్ళపాటు, క్యోటో, నగోయా, టోక్యో నగరాల్లో కొందరు పనివాళ్ళు అంతకు ముందుగానీ ఆ తరవాతగానీ ఎవరివల్లా కాని పని చేసి చూపించారు.

ఈ పని మీద పాత నింద ఒకటి ఉంది. ఇది విదేశీయుల కోసం తయారైన అమ్మకపు సరుకనీ, అలంకారమే తప్ప కళ కాదనీ. ఆ మాట అన్నవాళ్ళలో జపాను వాళ్ళూ ఉన్నారు. అది ఎంతవరకు నిజమో చూద్దామన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం. నేను కళాచరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఏ వస్తువు కనబడినా “బాగుందా లేదా” అనేకంటే ముందు “ఇదెలా చేశారు” అని అడగడం మా జాతి లక్షణం. షిప్పో విషయంలో ఆ అడ్డదారే అసలు దారి అని నాకు అనిపిస్తుంది.

నిందలో సగం నిజమే. 1868 తరవాత జపానుకి డబ్బు కావాలి, యంత్రాలు కావాలి, పడమటి దేశాల ముందు పరువు కావాలి. అమ్ముకోవడానికి పట్టు ఉంది, టీ ఉంది, చేతిపని ఉంది. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి సరుకు పంపుతూ, అక్కడి నియమావళిని జపానీలోకి మార్చుకునేటప్పుడు “లలితకళ” అన్న అర్థంలో వాడటానికి వాళ్ళకి మాట దొరకలేదు. “బిజుత్సు” అన్న మాటని అప్పుడే పుట్టించారు. ఆలోచించి చూడండి. వెయ్యేళ్ళుగా బొమ్మలు గీస్తూ, విగ్రహాలు చెక్కుతూ ఉన్న దేశానికి కళ అన్న మాటే ఒక ఎగుమతి ఫారం నింపడం కోసం అవసరమైంది! చిత్రం వేరు, పాత్ర వేరు, ఒకటి కళ, రెండోది సామాను అన్న విభజన వాళ్ళది కాదు. ఆ గీత గీసి వాళ్ళ చేతికిచ్చింది పడమర. ఆ తరవాత అదే గీత చూపించి “నువ్వు ఈ పక్కవాడివి” అన్నదీ పడమరే. మనకి మాత్రం కొత్తా? అద్దకం, కలంకారీ, తీగపని ఇవన్నీ “హస్తకళల ఎంపోరియం” కిందికి ఎప్పుడు చేరిపోయాయో మనలో ఎవరికీ గుర్తులేదు.

1876లో ప్రభుత్వం సమురాయిలు బయట కత్తి పెట్టుకు తిరగకూడదని శాసనం చేసింది. దాంతో కత్తిపిడులకీ ఒరలకీ నగిషీ చేసే కంసాలులు వీధిన పడ్డారు. వాళ్ళ చేతుల్లో అసాధారణమైన లోహవిద్య ఉంది. రాగిలో కొద్దిగా బంగారం కలిపి, నీలినలుపు మెరుగు వచ్చేలా చేసే షకుదో. ముప్పాతిక రాగికి పాతిక వెండి కలిపితే వచ్చే బూడిదరంగు షిబుఇచి, ఆ మాటకి అర్థమే “నాలుగోవంతు”. ఆ విద్య అంతా కత్తుల మీంచి పూలకూజాల మీదికీ, అగరుబత్తి పాత్రల మీదికీ, సిగరెట్టు పెట్టెల మీదికీ దిగింది. కొనేవాళ్ళు లండను, పారిస్, న్యూయార్కు షావుకార్లు.

వాళ్ళ కోసం తయారైన ఒక తరహా వెండి కూజాలున్నాయి. నిందకి అసలు కారణం అవేనని నా అభిప్రాయం. ఒంటికి వెండి, దాని మీద పల్చటి వెండి తీగపని, ఆ తీగల మధ్య రంగురంగుల ఎనామెల్, మధ్యలో బంగారు లక్క పలక, ఆ పలకలో షిబయామా పొదుగు (ముత్యపుచిప్పనీ, దంతాన్నీ, పగడాన్నీ చెక్కి అతికే పని, ఆ పని చేసిన కుటుంబం పేరే దానికి వచ్చింది), చేతిపిడులుగా డ్రాగనులు, మూతమీద పక్షి. వేలంపాటల కేటలాగుల్లో ఇవి ఇప్పటికీ ముందు పేజీల్లో ఉంటాయి. ఒక్కొక్క పనిని విడిగా చూస్తే వంక పెట్టలేం. చిప్పని గోరంత రేకగా కోసి పూరేకు చేసినవాడి చేతికి నమస్కారం పెట్టాల్సిందే. కాని మొత్తం చూస్తే, పెళ్ళికూతురి ఒంటిమీద మూడు తరాల నగలూ ఒకేసారి దిగేసినట్టు ఉంటుంది. కన్ను ఎక్కడా నిలవదు. కూజా ఆకారమే కనబడదు.

ఇక్కడ పిల్లల స్కూళ్ళలో ఏటా జరిగే ఇంటర్నేషనల్ నైటు గుర్తుకొస్తుంది నాకు. ఇండియా బల్ల మీద కొండపల్లి ఏనుగంబారీ, ఏటికొప్పాక బొమ్మలూ, వీణ, పట్టుచీర, తాజ్‌మహలు, నటరాజు, సమోసాలు, మధ్యలో గాంధీగారి ఫొటో. ఇదేదీ అబద్ధం కాదు. చూసేవాడు ఐదు నిమిషాలకంటే నిలబడడు కనక అన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే చెప్పెయ్యాలన్న తొందర అది. ఆ వెండి కూజాల్లో ఉన్నదీ ఆ తొందరే. కొనేవాడికి తెలిసిన జపాను ఎంతో, అంతా ఒక పాత్ర మీద సర్దెయ్యాలి.

ఇది ఒక రకం ఎగుమతి. అదే ఏళ్ళలో, అదే షావుకార్ల కోసం, అదే ప్రదర్శనలకి పంపడానికి చేసిన రెండో రకం ఉంది. దాని కోసమే ఈ వ్యాసం.

అది అర్థం కావాలంటే పని క్రమం కొంచెం తెలియాలి. ముందు రాగి రేకుని కూజాగా సాగగొడతారు. దానిమీద బొమ్మ గీస్తారు. గీత వెంట సన్నటి తీగని, గుండ్రటిది కాదు, రిబ్బనులా చదునుగా ఉన్నదాన్ని, నిలువుగా నిలబెట్టి అంటిస్తారు. చైనావాళ్ళు టంకం పెట్టి అతికేవారు. జపానువాళ్ళు ఒక మొక్క దుంపనించి తీసిన జిగురు వాడారు. తీగ ఎత్తు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. తీగలతో ఏర్పడిన చిన్నచిన్న మళ్ళల్లో తడిపిన గాజుపొడి నింపుతారు, రంగు పక్కన రంగు, నారుమళ్ళకి నీళ్ళు పెట్టినట్టు. తరవాత బట్టీలో పెడతారు. గాజు కరిగాక కుంచించుకుపోతుంది, మడి సగం ఖాళీ అవుతుంది. మళ్ళీ నింపాలి, మళ్ళీ కాల్చాలి. ఇలా ఎన్నోసార్లు. చివర రాళ్ళతోనూ బొగ్గుతోనూ రోజుల తరబడి అరగదీస్తే గాజూ తీగా ఒకే మట్టానికి వచ్చి, బొమ్మ అద్దంలోంచి తేలినట్టు కనబడుతుంది. రడ్యార్డ్ కిప్లింగ్ 1889లో క్యోటోలో ఇలాంటి పనిచోటు ఒకటి చూసి తన ప్రయాణాల పుస్తకంలో రాశాడు.

చెప్పడానికి తేలికగా ఉంది కాని, ఇందులో ప్రతి మెట్టూ ఒక గొయ్యి. ఎనామెల్‌ని కాల్చేది 800 డిగ్రీల ప్రాంతంలో. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వెండి 962 దగ్గరే కరిగిపోతుంది. కాబట్టి వెండి తీగ పెట్టినవాడికి బట్టీలో మిగిలే జాగా చాలా తక్కువ, అదీ థర్మామీటరు లేని రోజుల్లో, మంట రంగు చూసి. చల్లారేటప్పుడు లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, గాజు తక్కువ. ఆ లాగుడుకి పగుళ్ళు రాకుండా పాత్ర లోపలివైపు కూడా ఎనామెల్ పూస్తారు, ఎవరూ చూడని చోట. ఇంత చేసినా, ఒకే రంగు విశాలంగా పరుచుకున్న చోట గాజు చిట్లుతుంది, బుడగలు లేస్తాయి, సూదిబెజ్జాలు పడతాయి. అందుకే తొలిరోజుల షిప్పో పాత్రల మీద ఎక్కడ చూసినా తీగలే. పువ్వుకీ పువ్వుకీ మధ్య చోటు ఉంటే అందులో మెలికలు, చుట్టలు, మేఘాలు. అవి అందం కోసం పెట్టినవి కావు. గాజుని పట్టి ఉంచడానికి పెట్టినవి. గోడ నిలబడాలంటే మధ్యమధ్య స్తంభాలు కావాలి కదా, అలాగ.

ఆ స్తంభాలని తీసేసినవాడు క్యోటోలోని నమికావా యసుయుకి (1845-1927). సమురాయి కుటుంబంవాడు. పాత కొలువులు పోయాక, 1870ల మొదట్లో, గురువు లేకుండానే ఈ పనిలోకి దిగాడు. అతని మొదటి పాత్రలు అందరివీ ఉన్నట్టే కిక్కిరిసి ఉంటాయి. 1878లో గాట్‌ఫ్రీడ్ వాగెనర్ అనే జర్మను రసాయన శాస్త్రవేత్త క్యోటో వచ్చాడు. వియన్నా ప్రదర్శనకి జపాను ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసినవాడే. ఆ పరిచయంలోంచి పుట్టింది నమికావా నలుపు. లోతైన బావిలోకి తొంగిచూస్తే నీళ్ళ అడుగున ఏదో కదిలినట్టు అనిపిస్తుందే, అలాంటి నలుపు. మరీ దట్టమైన నలుపు కాదు, కాస్త వెలుతురు లోపలికి పోనిచ్చేది. చిట్లకుండా, బుడగ లేకుండా, తీగ సాయం లేకుండా జానెడు మేర పరుచుకునేది. నలుపు మీద ఆవగింజంత లోపం కూడా దాగదని కారు కొన్న ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడు 1899లో పూర్తయి, 1900లో పారిస్ ప్రదర్శనకి వెళ్ళిన అతని పెద్ద కూజా చూడండి. జపాను చక్రవర్తి కుటుంబపు సేకరణలో ఉంది, ఫొటోలు తేలికగానే దొరుకుతాయి. చుట్టూ ఆ నలుపు. ఒకవైపు నించి కొమ్మలు వాలతాయి, కొండ చెర్రీ పూలు, లేత మేపుల్ ఆకులు, వాటి మధ్య చిన్న పిట్టలు. మిగతాదంతా ఖాళీ. అక్కడ రాత్రి ఉందో గాలి ఉందో మనిష్టం. మొదటిసారి చూసినవాళ్ళు పూలని మెచ్చుకుంటారు. నేనూ అంతే. ఎలా చేశారో తెలిశాక మెచ్చుకోవలసింది పూలని కాదని తెలుస్తుంది. పూలున్న చోట తీగలున్నాయి, పని నిలబడుతుంది. ఏమీ లేనిచోటే అసలు కష్టం. ఈ పాత్ర మీద అన్నిటికంటే కష్టపడి చేసినది ఏమీ చెయ్యనట్టు కనబడే భాగం.

ఇది కూజా అందానికి ఎలా పనికొచ్చింది అన్నదే విమర్శకుడికి కావలసిన ప్రశ్న. కష్టానికి మార్కులు వెయ్యడం మనకి అలవాటు. “ఎన్ని వేల తీగ ముక్కలో!” అని నోరు తెరుస్తాం. ఆ లెక్కన చూస్తే డ్రాగను పిడుల వెండి కూజాయే గెలవాలి. యసుయుకి కష్టం అలా లెక్కకి దొరకదు. గద్వాల చీర ఒంటిని సాదాగా వదిలి అంచులో పట్టూ జరీ నడిపిస్తుంది చూశారా, ఆ సాదాతనం వల్లే అంచుకి విలువ. యసుయుకి కూజాల్లో కూడా మెడ దగ్గరా పాదం దగ్గరా సన్నటి పట్టీలో అల్లిక పని కిక్కిరిసి ఉంటుంది, ఒంటికి మాత్రం ఊపిరి ఉంటుంది. స్తంభాల పని తప్పిన తీగలకి కూడా స్వేచ్ఛ వచ్చింది. అవి గోడలు కావు, గీతలు. కొమ్మ దగ్గర లావుగా మొదలై చివర సన్నబడతాయి, కుంచె ఎత్తినట్టు. ఈ గీతలు గీసినవాడు అతని కార్ఖానాలో చిత్రకారుల పెద్ద, నకహారా తెస్సెన్.

కథలో రెండో నమికావా ఉన్నాడు, టోక్యోలో, నమికావా సోసుకె (1847-1910). ఇంటిపేరు పలకడం ఒకటే, రాయడంలో అక్షరాలు వేరు, చుట్టరికం లేదు. ఇద్దరినీ 1896లో చక్రవర్తి ఆస్థాన కళాకారులుగా నియమించారు. ఎనామెల్ పనిలో ఆ గౌరవం దక్కింది ఆ ఇద్దరికే. సోసుకెది తిరుగుబాటు. తీగే వద్దన్నాడు. రంగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోకుండా మొదట తీగలు పెట్టి, ఆఖరి కాల్పుకి ముందు వాటిని తీసేసేవాడు. రంగుకీ రంగుకీ మధ్య హద్దు కరిగి నీటిరంగుల చిత్రంలా తయారయ్యేది. ముసెన్, అంటే తీగలేని పని.

1893లో షికాగో ప్రదర్శనకి అతను పంపిన ఫూజీ కొండ పలక ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. మీటరుకు పైగా వెడల్పు. బూడిదరంగు ఆకాశం, మబ్బుల పైన మంచు కప్పిన శిఖరం. షికాగోలో చేతిపనులని కూడా లలితకళల భవనంలోనే పెట్టాలని జపాను పట్టుబట్టి సాధించుకుంది. ఇరవై ఏళ్ళ కిందట అరువు తెచ్చుకున్న మాటతోనే వాదించి గెలిచిందన్నమాట. ఈ పలక ఆ గెలుపుకి తగినదే. గాజుకి ఉండే లోతు వల్ల మబ్బు నిజంగా వెనక్కి జరిగినట్టుంటుంది. కాగితం మీద సిరా ఆ పని చెయ్యలేదు.

అయినా మొత్తం మీద నా ఓటు యసుయుకికే. సోసుకె పనులు చాలావాటిలో ఎనామెల్ తనని తాను దాచుకుంటుంది. “చూడండి, అచ్చం పటంలా ఉంది” అనిపించుకోవడమే లక్ష్యం అవుతుంది. టోక్యోలో 1909లో పూర్తయిన అకసాకా రాజభవనంలో ఒక విందుగది గోడల మీద సోసుకె చేసిన ముప్ఫై కోడిగుడ్డు ఆకారపు పలకలున్నాయి, వతనబె సెయితెయి వేసిన పూలూ పిట్టల బొమ్మలకి ఎనామెల్ రూపాలు. వాటి నేర్పు అపారం. కాని మూల చిత్రం ఉండగా ఈ గాజు చిత్రం ఎందుకు అన్న ప్రశ్నకి, రంగు వెలవదు అన్నదొక్కటే నాకు తోచే జవాబు. చిత్రకళ గొప్పది, నేనూ దాని పక్కన కూర్చుంటాను అనడం పడమర గీసిన గీతని ఒప్పుకోవడమే. యసుయుకి ఆ గీతని పట్టించుకోలేదు. ముగ్గులో చుక్కలు లెక్క తప్పకుండా ఉండటానికి పెడతారు. ముగ్గు పూర్తయ్యాక వాటిని ఎవరూ చెరపరు, మెలికల మధ్య అవీ అందమైపోతాయి. అవసరం కోసం పెట్టిన తీగని యసుయుకి అలాగే ఉంచి గీతగా మార్చాడు. సోసుకె చుక్కలు చెరిపేశాడు. దీన్ని ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉంటారు, ఫూజీ పలక ముందు నిలబడితే నేనే కాసేపు తడబడతాను.

నగోయా సంగతి ముచ్చటగా చెప్పి వదిలేస్తాను. అసలు జపానులో ఈ పని మళ్ళీ ప్రాణం పోసుకుంది అక్కడే. 1830లలో కాజి త్సునెకిచి (1803-1883) అనే చిన్నపాటి సమురాయి, విదేశం నించి వచ్చిన ఎనామెల్ పళ్ళెం ఒకటి సంపాదించి, దాన్ని విరగ్గొట్టి, లోపల రాగీ తీగలూ చూసి రహస్యం పట్టాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో థెస్మార్ అనే ఫ్రెంచి పనివాడు చేసిన పాత్రని నగోయా వ్యాపారి అందో జూబె కొనుక్కొచ్చాడు. అందులో అడుగున లోహమే లేదు, కిటికీ అద్దంలా వెలుతురు ఇటునించి అటు పోతుంది. అందో కార్ఖానా పెద్ద కవాదె షిబతారో దాన్ని పరిశీలించి తనూ సాధించాడు. ఎనామెల్ కాల్చాక లోపలి రాగినంతా ఆమ్లంతో కరిగించేస్తే, గాజూ వెండి తీగలూ మాత్రం మిగులుతాయి. మా వృత్తిలో దీన్ని రివర్స్ ఇంజనీరింగు అని గౌరవంగా అంటారు. పరాయి వస్తువుని విప్పి చూడటంతో మొదలై, పరాయి వాడికి అమ్మడంతో పెరిగిన విద్య ఇది. దీనిలో “స్వచ్ఛమైన జపాను” ఏది అని వెతకడం దండగ.

ఎగుమతి అయినందువల్ల ఒక నష్టం మాత్రం నిజంగా జరిగింది. మంచి పాత్రలన్నీ దేశం దాటిపోయాయి, ఎవరికి గర్వకారణం కావాలో వాళ్ళకే కనబడకుండా పోయాయి. లండనులో ఖలీలీ సేకరణలో, బాల్టిమోర్‌లో వాల్టర్స్ మ్యూజియంలో, ఇంకా ఎన్నో ఇళ్ళల్లో ఉండిపోయాయి. వాల్టర్స్ వాళ్ళు 2010లో ఒక్క జపాను ఎనామెల్ పనికే ప్రదర్శన పెట్టారు. జపానులో మురతా మసయుకి అనే ఆయన, ఎలక్ట్రానిక్ విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఉన్నతోద్యోగి, పనిమీద న్యూయార్కు వెళ్ళినప్పుడు అక్కడి పాతసామాన్ల కొట్లో తన దేశపు చేతిపనిని మొదటిసారి శ్రద్ధగా చూశాడు. ఆ తరవాత విదేశాల్లో వెతికి వెతికి కొని, 2000లో క్యోటోలో కియోమిజు గుడికి వెళ్ళే దారిలో మ్యూజియం తెరిచాడు. మనూరి గొప్ప మనకి పరాయి ఊళ్ళో తెలియడం గురించి ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా జపాను సామాను ఉంది. మనమంతా గంట కొట్టే గడియారం దగ్గరికీ ముసుగు రెబెకా దగ్గరికీ పరుగెత్తాం కనక ఆ గదుల్లో ఆగి ఉండం. ఈసారి వెళ్ళినప్పుడు ఆగండి.

ఎక్కడైనా సరే, యసుయుకి పాత్ర ఎదురైతే, వీలుంటే దాని అడుగు చూడండి. మ్యూజియాల్లో తిప్పి చూపించరు కాని, కేటలాగుల్లో అడుగు ఫొటో కూడా వేస్తారు. అక్కడ చిన్న వెండి రేకు ఒకటి అతికి ఉంటుంది. దాని మీద చెక్కినవి రెండే మాటలు: “క్యోటో, నమికావా.” మొదట ఊరు, తరవాత ఇంటిపేరు. యసుయుకి అన్న పేరు అందులో లేదు. తెస్సెన్ పేరూ లేదు, నెలల తరబడి అరగదీసినవాళ్ళ పేర్లూ లేవు.